మన పేట బలం ఎక్కడుంది? అరువు పుస్తకం, వసల సూత్రం

 

మనిషికి మూడు బలాలు కావాలని బాబాసాహెబ్ చెప్పారు. 1936 మే 31న బొంబాయిలో జరిగిన మహర్ మహాసభలో, మతం ఎందుకు మారాలో వివరిస్తూ అన్న మాట ఇది. ఒకటి జనబలం, రెండోది ధనబలం, మూడోది మనోబలం. మనకు మూడూ లేవని కూడా ఆ సభలోనే దాపరికం లేకుండా చెప్పారు. జనం చెల్లాచెదురుగా ఉన్నారు. చేతిలో భూమి లేదు, వ్యాపారం లేదు. తరతరాల అణచివేతతో మనసు కూడా లొంగిపోయి ఉంది.

ఇరవై ఏళ్ళ తర్వాత, 1956 అక్టోబరు 14న, నాగపూర్‌లో దీక్ష ఇచ్చారు. అప్పటినుంచి మనోబలం కూడగట్టుకుంటూ వచ్చాం. జనబలాన్ని పోరాటాల్లో చూపించాం. ధనబలం దగ్గరికొచ్చేసరికి మాత్రం నోరు పెగలదు. మైల అనే మాటనే వదిలేసిన మనం, విహారంలో డబ్బు మాటొస్తే మైలపడినట్టు పక్కకు జరుగుతాం.

బుద్ధుడు అలా జరగలేదు. జ్ఞానోదయం అయ్యాక ఆయన్ని మొట్టమొదట శరణు కోరిన గృహస్థులు తపుస్స, భల్లిక అనే ఇద్దరు వర్తకులు. జేతవనం ఇచ్చిన అనాథపిండికుడు శ్రావస్తిలో పెద్ద వ్యాపారి. గృహస్థుడికి నాలుగు సుఖాలుంటాయని బుద్ధుడు ఆయనకే చెప్పాడు. న్యాయంగా సంపాదించిన ఆస్తి ఉండటం, దాన్ని అనుభవించడం, అప్పు లేకుండా బతకడం, వేలెత్తి చూపించుకోని నడవడి. ఈ నాలుగింట్లో మూడు డబ్బుతో ముడిపడినవే.

ధనబలం లేకపోతే ఏమవుతుందో మన నేలమీదే చూశాం. 1991లో చుండూరులో సినిమా హాల్లో కాలు తగిలిందన్న గొడవతో మొదలైంది. ఆగస్టు 6న ఎనిమిదిమందిని చంపారు. కానీ చంపడానికి ముందు కొన్ని వారాలపాటు వెలి నడిచింది. పొలాల్లో పనికి పిలవడం మానేశారు. మనవాళ్ళు కూలి వెతుక్కుంటూ ఊరు దాటాల్సొచ్చింది. అంతకు ఆరేళ్ళ ముందు, 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు చనిపోయాక మిగిలినవాళ్ళు చీరాలలో శిబిరం వేసుకున్నారు. తర్వాత అక్కడే కాలనీ కట్టుకున్నారు.

వెలి ఎలా పనిచేస్తుందో నిదానంగా ఆలోచించండి. వెలి వేసేవాడు మొదట కత్తి తియ్యడు. పని వాడి పొలంలో ఉంది, సరుకు వాడి వీధిలో ఉంది, అప్పు వాడి బీరువాలో ఉంది. ఆ మూడు తలుపులూ వేసేస్తే పల్లె దానంతటదే ఖాళీ అవుతుంది. అందుకే పేటలో ఉన్న చిన్న కిరాణా కొట్టు, పిండిమర, టైలరు మిషను నాకు చిన్నవిగా కనపడవు. ఆ మూడు తలుపుల్లో ఒకదాని తాళంచెవి అక్కడుంది.

మన బలాలు లెక్కపెట్టమంటే మనకు చేతకాదు, ఎందుకంటే ఎవరూ అడగరు. సర్వేకొచ్చినవాళ్ళు లేనివే అడుగుతారు. ఇల్లుందా, మరుగుదొడ్డి ఉందా, కార్డుందా, లేదా, సరే, రాసుకున్నాం. అర్జీలు రాసి రాసి మనం కూడా లేనివి వల్లించడం నేర్చుకున్నాం. అర్జీ పెట్టడం మన హక్కు, మానొద్దు. కానీ అర్జీలో రాయనిది చాలా ఉంది.

మిరప కల్లంలో కూర్చున్న మన ఆడవాళ్ళను చూడండి. కాయను గుప్పిట్లో కదిపి, గలగల విని, ఇంకో రెండు ఎండలు కావాలో అక్కర్లేదో చెబుతారు. తాలు కాయ, మచ్చకాయ, ఎర్రకాయ చూపుతోనే వేరుచేస్తారు. తేజా ఏదో, 334 ఏదో వాళ్ళను అడగక్కర్లేదు. గుంటూరు మిర్చి యార్డు ఆసియాలోనే పెద్ద మిరప మార్కెట్లలో ఒకటి. సీజనులో అక్కడికొచ్చే టిక్కీల్లో ప్రతి కాయా ఏదో ఒక కూలిమనిషి చేతిలోనుంచి పోయిందే. తొడిమ తీసినందుకు కిలోకి ఇంత అని లెక్క ఉంది. కాయను చదివినందుకు లెక్క లేదు. ఆ చదువు బయ్యరు దగ్గరకెళితే వ్యాపారం అవుతుంది, మన దగ్గరుంటే కూలి అవుతుంది.

ఇంకా ఉన్నాయి. ముఠా పనిలో బస్తాల లెక్క నోటితో తప్పులేకుండా చెప్పే మేస్త్రీలు, తాపీ పనివాళ్ళు, ఆటోవాళ్ళు, సెల్ రిపేరు చేసే కుర్రాళ్ళు, షామియానా సామాను అద్దెకిచ్చేవాళ్ళు, డప్పు దళాలు, తోలు పని తెలిసిన పెద్దలు. డ్వాక్రా సంఘాల్లో నెలనెలా పొదుపు కట్టి, వాయిదా తప్పకుండా చూసుకునే అక్కలు. పేటలో ఎవరైనా పోతే గంటలో చందా పోగవుతుంది, ఎవరూ రసీదు అడగరు.

ఇప్పుడొక లెక్క వేద్దాం. 150 గడపల పేట అనుకోండి. ఇంటికి నెలకు 4,000 రూపాయల సరుకులు, చిల్లర ఖర్చులు అనుకుంటే నెలకు 6 లక్షలు. ఏడాదికి 72 లక్షలు. మీ పేట సంఖ్య మీరు వేసుకోండి. అందులో ఎంత పేటలో తిరుగుతోందో చూడండి. చాలాచోట్ల కూలి డబ్బు పేటలో ఒక రాత్రి కూడా నిద్ర చెయ్యదు. సాయంత్రం చేతికొస్తుంది, ఏడింటికి సెంటర్లో కిరాణాకి పోతుంది, ఎనిమిదింటికి బ్రాందీ షాపుకి పోతుంది.

మరి పేటలో కొట్టు ఎందుకు నిలబడటం లేదు? పెట్టుబడి తక్కువ, హోల్‌సేల్‌లో మనకు రేటు కలవదు అంటారు. నిజమే. రెండో కారణం మనం బయటికి చెప్పుకోం. చేతిలో డబ్బున్న రోజు సెంటర్లో కొంటాం. లేని రోజు పేటలో రాయించుకుంటాం.

"బాబాయ్, అరకిలో కందిపప్పు, పావుకిలో నూనె. రాసుకో."

"పాత బాకీ అలానే ఉందమ్మా."

"ఎక్కడికి పోతాం బాబాయ్, మనోళ్ళమేగా!"

ఈ మాట వినని పేట ఉండదు. కొట్టుపెట్టిన మొదటి ఏడాది కొట్టువాడు నవ్వుతూ రాసుకుంటాడు. రెండో ఏడాది సరుకు తగ్గుతుంది, చాక్లెట్లు, షాంపూ ప్యాకెట్లు మిగులుతాయి. మూడో ఏడాది షట్టరు దించేసి హైదరాబాదులో వాచ్‌మన్ పనికి పోతాడు. "మనోడు నిలబెట్టుకోలేకపోయాడు" అని మనమే అంటాం.

ఇందులో ఉన్న కష్టాన్ని కూడా చూడాలి. పత్తి తీతలు సంక్రాంతి చుట్టుపక్కల తగ్గిపోతాయి. మిరప కోతలు ఏప్రిల్‌తో సర్దుకుంటాయి. ఎండాకాలం యార్డుకే సెలవులిస్తారు. తొలకరి పడి మళ్ళీ విత్తనం, కలుపు మొదలయ్యేదాకా చేతిలో పైసా ఆడదు. సరిగ్గా అప్పుడే బడి తెరుస్తారు, పుస్తకాలు, యూనిఫారాలు కొనాలి. ఆ రెండు నెలలూ పొయ్యి వెలిగించేది ఏ బ్యాంకూ కాదు, పేట కొట్టువాడి అరువు పుస్తకం. తాకట్టు లేదు, వడ్డీ లేదు, హామీ సంతకం లేదు. మనిషి ముఖం చూసి ఇచ్చే అప్పు అది. అరువు తప్పని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. మన పేటకున్న బలాల్లో అరువు పుస్తకమే పెద్దదని నా లెక్క. దాన్నే మనం చింపుకుంటున్నాం.

ఇక్కడ వసల సూత్రం తెరవాలి. సుత్తనిపాతంలో ఉన్న ఈ సూత్రం మనకందరికీ ఇష్టం. శ్రావస్తిలో భిక్షకొచ్చిన బుద్ధుణ్ణి చూసి అగ్గిక భారద్వాజుడనే బ్రాహ్మణుడు, దగ్గరికి రావద్దని, వసలుడా అని కేకేశాడు. వసలుడంటే నీచుడు, వెలివాడు. అసలు వసలుడంటే ఎవరో నీకు తెలుసా అని బుద్ధుడు నెమ్మదిగా అడిగి, తనే చెప్పాడు. పుట్టుకతో ఎవరూ వసలుడు కాడు, చేసే పనులతో అవుతాడు. ఈ ముగింపు మనం సభల్లో చెబుతాం. చండాల ఇంట పుట్టి గొప్ప కీర్తి పొందిన మాతంగుడి సంగతి కూడా చెబుతాం.

మధ్యలో ఉన్న జాబితా మాత్రం దాటేస్తాం. ఏయే పనులు చేస్తే మనిషి వసలుడవుతాడో అక్కడ ఒక్కొక్కటే ఉంది. అందులో ఒకటి: అప్పు తీసుకుని, ఇచ్చినవాడు అడిగితే, నీకు నేను బాకీ లేనని తప్పించుకు పోవడం.

కులం మనకు పెట్టిన పేరును తుడిచేసిన సూత్రంలోనే బాకీ ఎగవేత మాట ఉండటం ఊరికే జరగలేదనుకుంటాను. పుట్టుక లెక్కలోకి రాదంటే ఇక లెక్కలోకొచ్చేది నడవడి ఒక్కటే. "మనోళ్ళమేగా" అనే మాటను ఆ కాటాలో పెట్టి తూచండి. ఆ మాట అడిగేదేంటి? నేను నీ పుట్టుకలో పుట్టాను కాబట్టి నా నడవడి చూడొద్దు అని. పుట్టుక పేరు చెప్పి మినహాయింపు అడగడం మనకు బాగా తెలిసిన విద్య. మూడువేల ఏళ్ళు మనమీద అదే విద్య నడిపారు. అది చిన్న కిరాణా కొట్టు ముందు మన నోటివెంటే వస్తే గుర్తుపట్టకపోవడం వింత.

తీర్చలేనివాడు వేరు. సూత్రంలో ఉన్నది లేనివాడి గురించి కాదు, ఉండి అడ్డం తిరిగేవాడి గురించి. మనిషి పోయిన ఇంటికో, ఆపరేషనై మంచాన ఉన్నవాడికో వెళ్ళి పుస్తకం తెరిచే కొట్టువాడు కూడా ధమ్మం తప్పినట్టే. ఆ ఇంటి బాకీని కొట్టువాడొక్కడి నెత్తిన వదలకుండా పేట పంచుకోవాలి. చావుకు చందా పోగుచేయగలిగిన పేట ఒక ఇంటి అరువు పోగుచేయలేదా?

ఇక కొట్టువాడి వైపు. మనోణ్ణి కాబట్టి నా దగ్గరే కొనండి అని అతను అనకూడదు. అది కూడా పుట్టుక పేరు చెప్పి అడగడమే. సరుకు బాగుండాలి, తూకం సరిగ్గా ఉండాలి. దొంగ తూకం, దొంగ కొలత విడిచిపెట్టడాన్ని బుద్ధుడు దీఘనికాయంలో శీలం కిందే చెప్పాడు. యార్డులో కాటా దగ్గర తరుగు తీస్తారని, శాంపిల్ పేరుతో కాయ పోతుందని చిన్న కౌలురైతులుగా మనం ఎంత తిట్టుకుంటామో! ఏటా మిరప కోతలకు కర్నూలు వైపునుంచి వలస కూలీలు పిల్లాపాపలతో వచ్చి పొలాల గట్లమీద గుడిసెలు వేసుకుంటారు. వాళ్ళకు మన భాషే, మన కష్టమే, కానీ ఈ ఊళ్ళో రేట్లు తెలియవు. వాళ్ళు కిలో బియ్యానికొస్తే మన కాటా ఎంత చూపిస్తుందో, మన సమ్యక్ ఆజీవం అంతే.

బుద్ధుడు ఉపాసకులకు అయిదు వ్యాపారాలు వద్దన్నాడు. ఆయుధాలు, మనుషుల అమ్మకం, మాంసం, మత్తు, విషం. మాంసం విషయంలో మనలో వాదన ఉంది, అహింసను బాబాసాహెబ్ ఎలా అర్థం చేసుకున్నారో దానితో కలిపి ఇంకోసారి తీరిగ్గా మాట్లాడుకోవాలి. మత్తు సంగతికి వాదన అక్కర్లేదు. కొన్ని పేటల్లో బాగా నడిచే వ్యాపారం ఏదయ్యా అంటే బెల్టు షాపు. అక్కడ మాత్రం అరువుండదు, గమనించారా? పప్పు అరువు, సీసా నగదు. పొరుగున నెల్లూరు జిల్లా దూబగుంటలో 1992 ప్రాంతంలో ఆడవాళ్ళు సారాకొట్టు మూయించారు. ఆ ఉద్యమం జిల్లా దాటి రాష్ట్రమంతా పాకింది. దాని వెనకాలే ఆ జిల్లాలో పొదుపు సంఘాలు పుట్టుకొచ్చాయి. సీసాకు పోయే డబ్బు ఎటు తిరగగలదో వాళ్ళు చూపించారు.

విషం గురించి ఒక్క మాట. మన వైపు సారానీ, పురుగుమందునీ రెంటినీ "మందు" అంటాం. పత్తి చేల పల్లెల్లో ఫలానావాడు మందు తాగాడంటే ఏ మందని ఆదుర్దాగా అడగాల్సి వస్తుంది. చదువుకున్న మన పిల్లలు లైసెన్సు తీసుకుని పురుగుమందుల కొట్టు పెడుతున్నారు. పెట్టొద్దని నేననలేను, పైరుకు పురుగు పడుతుంది. కానీ కౌలురైతుకు అవసరం లేని డబ్బాలు అరువు మీద అంటగట్టి, పంట రాగానే వడ్డీతో లాగేసే పద్ధతి మన పిల్లలు నేర్చుకుంటే, అప్పుడు వాళ్ళు అమ్మేది ఆ అయిదో వ్యాపారమే.

ఇప్పుడు అసలు చిక్కు ప్రశ్న. కులం వద్దని ధమ్మంలోకి వచ్చాం కదా, మళ్ళీ "మన కొట్లోనే కొందాం" అంటే అది కులం కాదా? విహారాల్లో కుర్రాళ్ళు అడుగుతున్నారు, అడగాల్సిందే.

ఊరి సెంటర్లో మన మనిషి టీ కొట్టు పెడితే, పేరు, పేట తెలిశాక తాగడం మానేసేవాళ్ళు ఇంకా ఉన్నారు. టిఫిన్ బండి పెట్టినవాళ్ళు ఏ పేటో చెప్పకుండా నెట్టుకొస్తున్నారు. బజారు అందరికీ సమానమైతే మనం ఎక్కడ కొన్నా ఒకటే. బజారే వంగి ఉన్నప్పుడు, వంగిన వైపు బరువు తీసి ఇటు పెట్టడం కులం కాదు. అయితే అక్కడే ఆగకూడదు. నేను "మన కులం కొట్టు" అనను, "మన పేట కొట్టు" అంటాను. పేటలో మాల, మాదిగ ఇళ్ళే కాదు, చివర యానాదుల గుడిసెలున్నాయి, పత్తి ఏకి పరుపులు కుట్టే దూదేకుల సాయిబు ఉన్నాడు. వాళ్ళ పని కూడా పేట బలమే. పరుపు అతని దగ్గరే కుట్టిద్దాం. మాల కొట్లో మాదిగలు, మాదిగ కొట్లో మాలలు కొనని పేటలున్నాయి. వర్గీకరణ మీద ఎవరి వాదన వాళ్ళకుండొచ్చు, దాని వేదికలు దానికున్నాయి. ఉప్పు ప్యాకెట్ దగ్గరికి ఆ వాదన తెచ్చుకుంటే త్రిశరణాలు నోటిదాకానే వచ్చినట్టు. సరుకు బాగుంటే ఊళ్ళోవాళ్ళు కూడా మన కొట్టుకి రావాలి, వస్తే సంతోషంగా అమ్మాలి. బాబాసాహెబ్ మైత్రిని కరుణకంటే విశాలంగా, ప్రాణులన్నిటికీ చెందేదిగా చెప్పారు. మైత్రి దగ్గర్లో మొదలవుతుంది గానీ దగ్గర్లో ఆగదు.

మన నేలలో ఇది కొత్త మాటేం కాదు. అమరావతి మహాచైత్యానికి పలకలు ఇచ్చినవాళ్ళలో రాజులకంటే మామూలు జనమే ఎక్కువ కనిపిస్తారు. గృహస్థులు, భిక్షుణులు, వర్తకులు, సుగంధ ద్రవ్యాలమ్మేవాళ్ళు. వాళ్ళలో విధికుడనే మనిషి ఉన్నాడు. పూర్ణఘటం చెక్కిన పలక ఇచ్చి, కింద ప్రాకృతంలో తన వివరం రాయించాడు. తాను చమ్మకారుడు, అంటే తోలు పనివాడు. ఉపాధ్యాయుడైన నాగుడి కొడుకు. తల్లి, భార్య, అన్నదమ్ములు, కొడుకు, కూతుళ్ళు, చుట్టాలు, మిత్రులతో కలిసి ఇస్తున్న దానం. తండ్రి చదువు చెప్పేవాడు, కొడుకు తోలు పనివాడు! ఆ కాలంలో కులమే లేదని చెప్పడానికి ఈ ఒక్క రాయి చాలదు, నేను చెప్పను కూడా. కానీ తోలు పని పేరు దాచుకోకుండా మహాచైత్యం మీద చెక్కించుకున్న ఉపాసకుడు గుంటూరు నేలమీద ఉన్నాడన్నది రాతిమీద రాత. 2018లో ఖరారైన మన రాష్ట్ర చిహ్నం నడుమ ఉన్న పూర్ణఘటం కూడా అమరావతి శిల్పం నుంచి తీసుకున్నదే.

భట్టిప్రోలు ఇంకా పాతది. 1892లో అలెగ్జాండర్ రీ అక్కడి స్తూపం తవ్వించినప్పుడు దొరికిన ధాతు పేటికలమీద కుబిరకుడనే రాజు పేరుంది. దానితోపాటే నిగమ సభ్యుల పేర్లు వరసగా ఉన్నాయి, గోష్ఠి అనే మాట ఉంది. నిగమం అంటే వర్తక పట్టణపు సంఘం, గోష్ఠి అంటే ఒక పనికోసం కూడిన కమిటీ. పేటిక చేయించింది గోష్ఠి. ఒక్కడి డబ్బుతో అయ్యే పని కాకపోతే పదిమంది కూడి పేర్లు రాసుకుని చేశారు. ఇవాళ మన డ్వాక్రా అక్కలు చేస్తున్నది అదే పద్ధతి, రాతిమీద బదులు మినిట్స్ పుస్తకంలో.

కాబట్టి చేయాల్సిన పని పెద్ద పథకమేమీ కాదు. పున్నమి వందన అయ్యాక అరగంట కూర్చుందాం. వజ్జీలు తరచుగా కూడినంతకాలం, కలిసి కూర్చుని కలిసి లేచినంతకాలం వాళ్ళకు క్షీణత లేదని బుద్ధుడు అన్నది ఇలాంటి కూడికల గురించే. ఆ అరగంటలో అరువు పుస్తకం రెండు ప్రతులుగా పెట్టే ఏర్పాటు చూడాలి, ఒకటి కొట్లో, ఒకటి కొన్నవాళ్ళింట్లో. చదువురానివాళ్ళ పుస్తకం ఇంటర్ చదివే పిల్లలు రాయొచ్చు. కోతల కూలి వచ్చిన వారం పాత బాకీలో కొంత కట్టాకే సెంటరుకి పోవడం అలవాటు చేసుకోవాలి. కొట్టువాడు సిగాలోవాద సూత్రంలో చెప్పిన నాలుగు వంతుల లెక్క పాటించాలి. వచ్చిన దాంట్లో ఒక వంతు ఇంటికి, రెండు వంతులు వ్యాపారానికి, ఒక వంతు కష్టకాలానికి. ఆ రెండు వంతులు అమ్మాయి ఫంక్షన్ భోజనాలకీ, ఫ్లెక్సీలకీ పోతే ఏ అరువు పుస్తకమూ అతన్ని కాపాడలేదు.

కారం పట్టే మర పెట్టుకుందామని, మంచి కాయ ఏరి, తొడిమ తీసి, సంఘం పేరుతో పొడి అమ్ముదామని కొన్నిచోట్ల ఆడవాళ్ళు అనుకుంటున్నారు. కాయ చదవడం వాళ్ళకొచ్చు కాబట్టి సగం పెట్టుబడి ఉన్నట్టే. లైసెన్సు, ప్యాకింగు, బ్యాంకు కాగితాలు చూసిపెట్టడానికి ఉద్యోగస్తులైన ఉపాసకులు ముందుకు రావాలి. జయంతికి పంపే చందాకంటే ఇది బరువైన దానం.

సంక్రాంతి దాటగానే కర్నూలు కూలీలు దిగుతారు. ఈలోపు మన పేటల్లో కొట్లన్నీ తిరిగి, కాటాలమీద తూనికలు కొలతల శాఖ ముద్ర ఏ ఏడాదిదో చూసుకోవాలి. పాతదైతే మళ్ళీ వేయించుకోవాలి. అరపూట పని.